ఫుసాయె ఆంటీ చాప్‌స్టిక్ పరీక్ష

మా దీవిలోని హీలో ఊళ్లో ఎవరింటికైనా మొక్క పట్టుకెళితే ముందు అనుమానమే ఎదురొస్తుంది. నిప్పుచీమ మా ఊళ్లో దిగిన దగ్గర్నుంచి ఇదే వరస. నువ్వుగింజలో సగం ఉండదు గానీ, కుట్టిందంటే రోజుల తరబడి మంట. ఒక్క కుండీతో వచ్చి తోటంతా ఆక్రమిస్తుంది.

ఈ అనుమానంలో మా వీధికి పెద్ద ఫుసాయె ఆంటీ. ఆంథూరియం తోటలో నలభై ఏళ్లు పూలు ఏరిన మనిషి. చచ్చు పువ్వును ఆమడ దూరం నుంచే పట్టేసేది. భర్త పోయాక ఆవిడకి మిగిలినవి తోటా, కినాకో అనే ముసలి పిల్లీ. ఆ పిల్లి ఎడమ కన్ను ఏడాదిగా తెల్లబడుతోంది. తన తోటలో చీమ లేదన్నది ఆంటీ గర్వం. వీధిలో అలా చెప్పుకోగల ఇల్లు ఇంకోటి లేదు.

ఫిబ్రవరి గాలివానకి ఇంటి ముందున్న కొబ్బరి చెట్టు కూలింది. ఇక పొడుగు చెట్లొద్దు, గాలికీ వానకీ ఓర్చుకునే రంగురంగుల పొట్టి పామ్ మొక్కలు చాలని తేల్చుకుంది. రెండిళ్ల అవతల పామ్ మొక్కలు పెంచి అమ్ముకునే క్లెమెంటె మూడు కుండీలు మోసుకొచ్చాడు.

"ఈ ఎర్ర కాడదేంటయ్యా?"

"లిప్‌స్టిక్ పామ్ ఆంటీ. ఎంత వానైనా తాగేస్తుంది. గాలి మాత్రం పడదు, గోడ చాటున పెట్టుకో."

"అంటే అమ్ముడుపోనిది నాకు అంటగడుతున్నావన్నమాట."

"అయ్యో ఆంటీ! పోనీ ఇది చూడు. కొత్తాకు నిప్పులా ఎర్రగా వస్తుంది, గాలికి అంత తొందరగా చిరగదు. ఆ మూడోదానికి మెడ నారింజ రంగు."

"మూడూ బానే ఉన్నాయి. బాగున్నవాటితోనే నాకు భయం."

లోపలికెళ్లి అన్నం తినే చాప్‌స్టిక్ పుల్లలకి పీనట్ బటర్ రాసి తెచ్చి, మూడు కుండీల్లోనూ గుచ్చింది. నిప్పుచీమకి అదంటే ప్రాణం. గంటసేపు ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. క్లెమెంటెకి కాఫీ కూడా ఇవ్వలేదు, తప్పు చేసినవాడిలా కూర్చోబెట్టింది. పుల్లలు శుభ్రంగానే వచ్చాయి. అయినా నమ్మలేదు.

"మూడు వారాలు పెరట్లో రొట్టెపండు చెట్టు కింద ఉంచుతా. అప్పుడు చూద్దాం."

మూడు వారాలయ్యాక ఎర్రాకు పామ్ కుండీలో పుల్ల గుచ్చి తీస్తే, దాని నిండా నారింజ రంగు చుక్కలు కదులుతున్నాయి, నిప్పుచీమలే. ఆంటీ ఆ పుల్ల ఎత్తి పట్టుకుని వీధంతా వినపడేలా కేకలేసుకుంటూ క్లెమెంటె ఇంటికి వెళ్లింది.

"నా తోట నాశనం చేశావు కదయ్యా! ఏ మొహం పెట్టుకుని ఆంటీ అని పిలుస్తావు ఇక?"

క్లెమెంటె డజను చాప్‌స్టిక్‌లూ పీనట్ బటర్ డబ్బా పట్టుకుని ఆవిడ వెంటే వచ్చాడు. కుండీలకి దూరంగా, రొట్టెపండు చెట్టు మొదట్లో, కొమ్మల పంగల్లో, కంచె దాకా పుల్లలు పెట్టాడు. గంటకి అన్నీ నారింజ రంగులోనే ఉన్నాయి. కొమ్మ మీది పుల్లకైతే చోటు చాలక చీమలు ఒకదాని మీదొకటి ఎక్కాయి.

"మూడు వారాల్లో ఇంత చెట్టు నిండదు ఆంటీ. ఇవి ఎప్పట్నుంచో ఉన్నాయి. నువ్వు పెరట్లో ఎప్పుడైనా పుల్ల పెట్టావా?"

"నా పెరట్లో ఎందుకు పెడతాను?"

క్లెమెంటె చెట్టు నీడలో పడుకున్న పిల్లి వైపు చూశాడు. "కినాకో కన్ను ఎప్పట్నుంచి అలా ఉంది?"

"అది ముసలిది కదయ్యా..." అంటూనే ఆవిడ ఆగిపోయింది. కినాకో రోజూ పడుకునేది అక్కడే; ఈ చీమలు కంట్లో కుడితే పిల్లులకి కన్ను ఇలాగే తెల్లబడుతుందని ఊరంతా తెలుసు. ఆవిడ వంగి పిల్లిని ఎత్తుకుని, ఆ తెల్ల కన్ను మీద చెయ్యి పెట్టింది. పరాయి కుండీలన్నీ వెతికిన తన కళ్లు సొంత పెరడు మాత్రం చూడలేదని తలుచుకుని సిగ్గుపడింది.

"క్లెమెంటె, కొత్త సంవత్సరానికి నేనిచ్చిన ఆర్కిడ్ కుండీ ఎక్కడ పెట్టావు?"

ఏటా ఈ చెట్టు కిందే పెంచి వీధిలో ఇంటికొకటి పంచుతుంది ఆ కుండీలు.

అతను తన ఇంటి వైపు చూశాడు. "నా పామ్ మొక్కల మధ్యలో ఆంటీ. నువ్విచ్చింది కదా అని పరీక్ష చెయ్యలేదు."

ఆంటీ పిల్లిని ఇంట్లో పెట్టి తలుపేసింది. మిగిలిన చాప్‌స్టిక్‌లు చేతిసంచిలో వేసుకుని, క్లెమెంటె చేతిలోని డబ్బా అడిగి తీసుకుంది.

"ముందు మీ ఇంటికే పద. తర్వాత ప్రతి గుమ్మం ఎక్కి, నా కుండీలతోనే చీమలొచ్చాయని నేనే చెప్పుకుంటాను."