సూరమ్మగారి గుమ్మం

1861 వేసవి. కాలవల పని చూసే దొరగారి కోసం లాకుల బొమ్మలు తీస్తూ, పడవలో రాజోలు దగ్గర ఒక లంకకు చేరాను. అప్పట్లో ఫోటోగ్రాఫరంటే ఆ పక్క ఎవరికీ తెలియదు. నల్లగుడ్డ డేరా, సీసాలు చూసి గారడీవాడననుకునేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

అప్పటి ఫోటో గాజుపలక మీద వచ్చేది. పలక మీద కొలోడియన్ అనే జిగురుమందు పోసి, సిల్వర్ నైట్రేట్ కలిపిన నీళ్లలో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి, వెంటనే డేరాలో కడగాలి. వెనక నల్లగుడ్డ పెడితే బొమ్మ తేలుతుంది. నా దగ్గర మూడు పలకలకు సరిపడా మందే మిగిలింది. అందులో ఒకటి మర్నాడు తీయవలసిన లాకుకి.

పడవ కట్టిన రేవు పక్కనే సూరమ్మగారి ఇల్లు. గోదావరి కోత పెరడు దాటి వచ్చేసింది. వరద రాకముందే ఇల్లు విప్పి, దూలాలూ తలుపులూ ఎగువకు చేర్చుకోవాలని మర్నాటికి కూలీలను పిలిచారు. భర్త వీరన్నగారు పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచంలో ఉన్నారు. మాటా జ్ఞాపకమూ దాదాపు పోయాయి. పొద్దస్తమానూ ఇంటి గుమ్మం వైపే చూస్తుంటారు.

"కొత్తచోట కళ్లు తెరిచి గుమ్మం ఏదని అడిగితే ఏం చూపించనండి? మీ గాజులోకి దీన్ని ఎక్కించి ఇవ్వండి బాబూ" అన్నారు సూరమ్మగారు.

కాదనలేకపోయాను. మిట్టమధ్యాహ్నం ఆవిణ్ణి గుమ్మంలో నిలబెట్టి తీశాను. కడిగేసరికి పలకంతా మజ్జిగ పోసినట్టు తెల్లబారింది. మీరు కదిలి ఉంటారని ఆవిడ మీద విసుక్కున్నాను. ఆవిడ నేను నీళ్లు తెచ్చుకున్న కడవ వైపు చూశారు.

"ఆ నీళ్లు సముద్రం పోటు మీదుండగా రేవులో ముంచేరు కదండి. ఉప్పు నీళ్లండి అవి. మేం పప్పుకైనా వాడం."

ఉప్పు తగిలితే సిల్వర్ నైట్రేట్ విరిగిపోతుందని నాకు తెలుసు. మద్రాసులో నేర్చిన మొదటి పాఠం అదే. నీళ్లు రుచి చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. తప్పు నాది, విసుగు ఆవిడ మీద. సిగ్గుపడ్డాను.

ఆవిడ ఇసకలో చెలమ తవ్వి కడవ నింపేసరికి పొద్దు వాలింది. ఎండ తగ్గితే పలక మీద బొమ్మ పడడానికి ఎక్కువసేపు పడుతుంది. అంతసేపు కదలకుండా ఉండలేరేమోనని ఆవిణ్ణి పక్కకు తప్పుకోమన్నాను. తప్పుకున్నారు. ఈసారి బొమ్మ దివ్యంగా వచ్చింది. ద్వారబంధం మీది చెక్కడంతో సహా కనిపించింది. మురిసిపోతూ వీరన్నగారి చేతిలో పెట్టాను.

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత సూరమ్మగారి వైపు తిరిగి, కూడబలుక్కుంటూ, "నువ్వేదే ఇందులో?" అన్నారు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఇన్నాళ్లూ చూస్తున్నది గుమ్మాన్ని కాదు, అందులో తిరిగే మనిషిని. నేను ఆ మనిషినే తీసేశాను.

తెల్లవారి వెళ్లేసరికి కూలీలు తాటాకు కప్పు దించేశారు. గోడలు విప్పుతున్నారు. నేను లాకుకి వెళ్లలేదు. వాళ్లను ఆగమని, సూరమ్మగారిని గుమ్మంలో నిలబెట్టాను. పైన కప్పు లేకపోవడంతో వెలుగు నేరుగా ఆవిడ మీద పడింది. పది లెక్కపెట్టేదాకా కదలవద్దన్నాను. ఎనిమిది దగ్గర, కొబ్బరి నీడలో మంచం మీదున్న వీరన్నగారు దగ్గారు. ఆవిడ చటుక్కున ఆయన వైపు తల తిప్పారు.

మందు అయిపోయింది. బొమ్మలో గుమ్మం స్పష్టంగా ఉంది, ఆవిడ ముఖం చెరిగిపోయింది. ఇవ్వడానికి చెయ్యాడలేదు. చివరికి ఇచ్చాను. వీరన్నగారు ఆ చెరిగిన చోట బొటనవేలు ఆనించి, "ఇటే చూత్తన్నావే" అన్నారు.

ఆ పలక ఆయన గుండెల మీద ఉండగానే మంచం ఎత్తారు. సూరమ్మగారు పక్కనే నడిచారు.

లాకు బొమ్మ లేదని దొరగారు ఆ నెలలోనే నన్ను పని మానిపించారు. ఆ తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను, ఇంతకన్నా మంచి బొమ్మలు తీశాను. ఏ ఊళ్లో కెమెరా దించినా ముందు నీళ్లు నోట్లో పోసుకుని చూస్తాను. తర్వాత ఇంటివాళ్లను గుమ్మంలోకి రమ్మంటాను. కదిలితే కదలనిస్తాను.