గంజి పెట్టిన పతంగి

ఆ రోజుల్లో లావుగా ఉన్నవాణ్ణి చూస్తే జనం గౌరవించేవారని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. అబద్ధం. నవ్వేవాళ్ళు. ఎదురుగానే నవ్వేవాళ్ళు, అదొక్కటే తేడా. ఇరవై ఏళ్ళ వయసులో నేను సిరిసిల్లలో సాంచాలు నడిపేవాణ్ణి (కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు). నూలు బేళ్ళు తూచే కాంటా మీద ఒకసారి సరదాకు నిలబడితే నూటపది కిలోలు తేలింది. ఆనాటి నుంచి నా అసలు పేరు మా అమ్మకు తప్ప ఎవరికీ గుర్తు లేదు, అందరికీ బస్తానే. మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో చదువుతూ, "తాతా, సముద్రం మీద పతంగి పట్టుకొని పలక మీద నిలబడి ఉరుకుతరట. బరువున్నోళ్ళు గాలి తక్కువున్నప్పుడు ఏ పతంగి తీసుకోవాల్నో గిక్కడ రాసిండ్రు," అంది. ఏం రాశారని అడిగాను. "పతంగి పెద్దగుండాలెనట, కానీ తేలికగుండాలెనట. పలక వెడల్పుండాలెనట." నాకు నవ్వొచ్చింది. ఈ ముక్క కోరుట్లలో పతంగుల చాచా నాకు అరవై తొమ్మిదిలోనే చెప్పాడు. నేనే సగం విని సగం వదిలేశాను. దానివల్ల ఏమైందో చెబుతాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, అలంకారాలు నేర్చుకునేంత టైము మిగల్లేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని కాలేజీలు బందయ్యాయి. నూలు లారీలు రాక సాంచాలూ బందయ్యాయి. పని లేని మాకు ఉద్యమం దొరికింది (పని ఉన్నా చేసేవాళ్ళమే అని తర్వాత అందరం చెప్పుకున్నాం). జగిత్యాల కాలేజీలో చదివే మా మేనబావ మాకు నాయకుడు. ఊరంతా ఆయన్ను మైకు అనేది, నేను మైకు బావ అనేవాణ్ణి. పదిమంది కనబడితే ఉపన్యాసం ఇచ్చేవాడు, ఒక్కడే కనబడితే చిన్న ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ కాలంలో విలువంతా జైలుకు పోయి వచ్చినవాడిదే. వాడికి దండ, వాడికి హోటల్లో అందరికంటే ముందు చాయ. నేనూ జగిత్యాల పోయి రెండుసార్లు రోడ్డు మీద కూర్చున్నాను. మొదటిసారి పోలీసులు అందరినీ వ్యాన్ ఎక్కించి నన్ను చూసి ఆగిపోయారు. "నువ్వు దిగు. నీ జాగల ముగ్గురు పడతరు," అన్నాడు జమేదారు. రెండోసారి నేనే ముందు ఎక్కి కూర్చున్నాను. వ్యాను కదలలేదు. నన్ను దించితే కదిలింది. కొన్నాళ్ళకు దోస్తులంతా మెడ నిండా దండలతో తిరిగొచ్చారు. వాళ్ళ సంచులు మోస్తూ వెనక నడుస్తున్న నన్ను చూసి మా వాడకట్టు అవ్వ ఒకామె, "ఏం కొడుకా, జైలు గూడ నిన్ను ఒద్దన్నదా?" అని అడిగింది. ఆమె జాలిగానే అడిగింది, అదే నాకు ఎక్కువ తగిలింది. ఒక్కసారి అరెస్టు కాకపోతే ఈ జన్మకు నేను బస్తానే అని తేలిపోయింది. నాకు తెలంగాణ కావాలి, నిజమే. అరెస్టు అంతకు రెండింతలు కావాలి. ఇప్పుడు దాచి ఏం చేసుకుంటాను.

ఇంతలో జగిత్యాలలో నూట నలభై నాలుగు పెట్టారు. నలుగురికి మించి గుమిగూడకూడదు, ఊరేగింపు తీయకూడదు. మైకు బావ మూడు రోజులు మాట్లాడకుండా ఆలోచించాడు (ఊరికి అది మంచి విశ్రాంతి). నాలుగో రోజు ఇద్దరం కోరుట్లకు పోతే, అక్కడి కుంటలో పిల్లలు ఎండిన సొరకాయ బుర్రకు పతంగి దారం కట్టి వదులుతున్నారు. పైన పతంగి లాగుతుంటే కింద బుర్ర నీళ్ళ మీద జారుకుంటూ అవతలి ఒడ్డుకు పోయింది. బావ నిలబడిపోయాడు.

"బస్తా, నూట నలభై నాలుగు రోడ్డు మీదనే కదరా. నీళ్ళ మీద ఉన్నదా?"

"నాకేమెరుక బావా."

"లేదు. మా జగిత్యాల చెరువు నడుమ బండ ఉన్నది చూడు, నువ్వు పతంగి పట్టుకొని పోయి దాని మీద జెండా పాతాలె. పడవ లేదు, తెడ్డు లేదు. తెలంగాణ గాలే నిన్ను తీస్కపోతది. పోలీసోళ్ళు ఒడ్డు మీద నిలబడి సూడాలె."

"గంతమంది ఉండంగ నన్నే ఎందుకు?"

"సన్నపోడు పోతే ఎవడు జూస్తడు? నువ్వు పోతే ఊరంత జూస్తది. పైంగ నువ్వొక్కనివే దొరుకుతవు. వ్యాన్ల జాగ సరిపోతది."

ఆ ఆఖరి మాటకు నేను పడిపోయాను.

అక్కణ్ణుంచి నేరుగా పతంగుల చాచా దగ్గరికి పోయాం. చాచా ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడేవాడు, పతంగి చేతిలో ఉంటే ఏదీ మాట్లాడేవాడు కాదు. నన్ను కింది నుంచి మీదికి చూసి, బయటికి వచ్చి చిటికెడు దుమ్ము గాలిలోకి వదిలాడు. దుమ్ము ఆయన చెప్పుల మీదే పడింది. "ఈ నెలల గాలి గింతే," అన్నాడు. గోడకు ఆనించి ఉన్న కాగితం పతంగి చూపించాడు, అది మనిషెత్తు ఉంది. "ఇది లేస్తది, గని నిన్ను లాగది. ఎక్కువల ఎక్కువ నీ చెప్పును లాగుతది." దాని పక్కన మందపాటి దుప్పటి గుడ్డతో చేసింది ఉంది, బండి కాడంత లావు వెదురు బద్దలతో. "ఇది నిన్ను లాగేటంత ఉన్నది, గని గీ గాలికి అదే లేవది. నువ్వే దాన్ని లాగాలె." మూడోదాన్ని చేతులతో గాలిలో గీశాడు. "రెండు దుప్పట్లంత ఉండాలె. గుడ్డ ఉల్లిపొర లెక్కుండాలె. బద్దలు సన్నటియి. బరువు మనిషికి పెద్ద పతంగి గావాలె బేటా, పతంగికి బరువు గావద్దు. గాలి సన్నగున్న దినం అందరు గక్కడ్నే దెబ్బ తింటరు. కింద పలక ఎంత వెడల్పుంటే అంత మంచిది, లేకుంటే నువ్వు కదలకముందే మునుగుతవు."

"పల్చటి గుడ్డల నుంచి గాలి అవుతలికి పోదా చాచా?"

"కొంచెం పోతది, పోనీ. గంజి మాత్రం పెట్టకు. నీళ్ళ మీద పని."

ఇక్కడే నాకు మండింది. గుడ్డ గురించి సిరిసిల్లవాడికి కోరుట్లవాడు చెప్పడమా. పైకి తలూపాను గానీ లోపల, నువ్వు బద్దలు చూసుకో చాచా, గుడ్డ నేను చూసుకుంటా అనుకున్నాను.

మా సాంచాల సేటును బతిమాలి నూలు తీసుకొని (ఆయనకు తెలంగాణ మీద ప్రేమే, నూలు మీద అంతకంటే ప్రేమ) చేతి మగ్గం మీద పల్చటి గుడ్డ నేశాను. అంతవరకు చాచా మాట విన్నాను. తీరా వెలుతురుకు పట్టి చూస్తే అవతల నిలబడ్డ మనిషి మీసం కనబడింది. సిగ్గేసింది. మా ఇళ్ళలో గంజి పెట్టని పడుగు మగ్గం ఎక్కదు. గంజి లేని గుడ్డను నలుగురిలోకి పంపడమంటే పెళ్ళికొడుకును లాగు లేకుండా ఊరేగించినట్టే. గుండిగ నిండా బియ్యప్పిండి గంజి కాచి రెండు చేతులా పట్టించాను. ఎండకు ఆరాక వేలితో కొడితే డప్పులా మోగింది. "ఇగ గాలి ఇసుమంత పోదు," అన్నాను. మా అమ్మ ఖాళీ గుండిగలోకి చూసి, "ఇంత గంజి మనం తాగితే వారం ఎల్లేది," అంది.

చాచా బద్దలు కట్టి ఇచ్చాక పతంగి జగిత్యాలలో బావ నడిపే ఉద్యమ కమిటీ ముందుకు పోయింది. (గుడ్డను ముట్టుకొని చాచా ఒక్కసారి నా మొహం చూశాడు.) పతంగి తేలికగా ఉండాలని కమిటీలో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకొని ఒక్కొక్కరు ఒక్కొక్కటి తగిలించారు. ఒకాయన నినాదం రాయాలన్నాడు. ఇంకొకాయన ఆ నినాదం మెత్తగా ఉందని ఇంకోటి చెప్పాడు. ఏది పైన ఉండాలో తేలక కమిటీ రెండు ముక్కలై, చివరికి రెండూ ఒకే ఎత్తులో రెండు పూతల మందాన రంగుతో రాశారు. నాకు అవి చీమల బారులే. మూడో ఆయన తోక కావాలన్నాడు. "బావా, దీని మీద నాకేమన్న జాగ ఉన్నదా, నిండిందా?" అని అడిగాను. "నీకు రాజకీయం తెల్వది, ఊకో," అన్నాడు. ఎవరూ చూడనప్పుడు తోక కోసి పారేశాను. రాతలు కోయలేకపోయాను.

పలక కోసం మా సాంచాల షెడ్డు తలుపు ఊడదీసి, కింద పది సొరకాయ బుర్రలు కట్టాం. ఆ మధ్యాహ్నం చెరువు గట్టు మీద జనం నూట నలభై నాలుగును గౌరవిస్తూ నలుగురు నలుగురుగా, గుంపుకూ గుంపుకూ మూరెడు ఎడంతో నిలబడ్డారు. అలాంటి నలుగుర్లు వంద ఉంటాయి. బందోబస్తుకు వచ్చింది అదే జమేదారు.

"మళ్ళ నువ్వేనా? ఎటు పోతున్నవు?"

"బండ కాడికి సార్."

ఆయన పక్కనున్న కానిస్టేబులును, "పతంగి పట్టుకొని నీళ్ళ మీద పోవుడు ఏ సెక్షన్ల ఉన్నది?" అని అడిగాడు. కానిస్టేబులు ఆలోచించి, "లేదు సార్," అన్నాడు. "అయితే పోనీ. ఎంతదూరం పోతడో జూద్దాం."

ఎండ వాలుతుంటే గాలి కొంచెం లేచింది. నలుగురు పతంగిని ఎత్తి వదిలారు. లేచింది. మోకు బిగిసింది. తలుపు మీద కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్న నేను, నా కింద తలుపు, తలుపు కింద బుర్రలు, నడుముకు జెండా, అన్నీ కలిసి కదిలాం. ముందు బెత్తెడు, తర్వాత బారెడు, తర్వాత గట్టు మీది కేకలు వెనకబడేంత. నూటపది కిలోలను ఒక గుడ్డ ముక్క లాక్కుపోతోంది. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరికీ బరువు కానిది ఆ రెండు నిమిషాలే. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ నీళ్ళ చప్పుడు తలుపు కింద వినబడుతుంది.

తర్వాత గాలి సగమైంది. ఉట్టి పల్చటి గుడ్డయితే ఆ సగానికి నిలబడేదే. గంజి, రెండు నినాదాల రంగు మోస్తున్న నా పతంగి మెల్లగా తల దించి నీళ్ళ మీద బోర్లా పడుకుంది. డప్పులా మోగిన గుడ్డ చిటికెలో జావ అయింది. నేను లాగుతుంటే అవతలి నుంచి ఎవరో లాగుతున్నట్టు అనిపించింది. చెరువులోని చేపలన్నీ గంజికి వచ్చాయి. కంగారులో నేను ముందుకు వంగితే తలుపు తిరగబడింది, తడి గుడ్డ నన్ను చుట్టేసింది, "అమ్మా సచ్చిన," అని నేను అరిచిన అరుపు కోరుట్ల దాకా వినబడి ఉంటుంది. కాసేపు కొట్టుకొని లేచి నిలబడ్డాను. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఎండకాలం చెరువు ఎంత లోతుందని కమిటీలో అడిగినవాడు ఒక్కడూ లేడు. (నడుచుకుంటూ బండ దాకా పోయి జెండా పాతి రావచ్చని నాకు తట్టలేదు. తట్టింది ముప్పై ఏళ్ళ తర్వాత, అన్నం తింటుండగా.) వంద నలుగుర్లు కలిసి నవ్వుతుంటే గుడ్డంతా ఉండచుట్టి భుజాన వేసుకొని గట్టుకు వచ్చాను. కింద పడేస్తే ఉండ దానంతటదే కదిలింది. మడతల నుంచి చేపలు ఎగిరి జమేదారు బూట్ల మీద పడ్డాయి.

ఆయన చేపల్ని, నన్ను మార్చి మార్చి చూశాడు.

"సార్, ఈసారన్న నన్ను పట్టుకపోండ్రి."

"ఇంట్ల ఎవరున్నరు?"

"అమ్మ ఒక్కతె."

"లోపలికి పోతే ఎన్ని నెలలైతదో ఎరుకేనా?"

"అచ్చినంక దండేస్తరు సార్."

బూట్ల మీది చేపలు విదిలించి, "ఎక్కు," అన్నాడు. వ్యాను కదిలింది. స్టేషన్లో ఆయనే కూర్చొని ఒక కాగితం రాసి నాతో వేలిముద్ర వేయించి, ఒక నకలు నా చేతిలో పెట్టాడు. ఏం రాశారని అడిగితే, "నువ్వు చేసిందే రాసిన," అన్నాడు. పొద్దుగూకకముందే వదిలేశాడు. బయట బావ దండతో ఉన్నాడు. నేను గర్వంగా కాగితం ఇచ్చాను. ఆయన చదివాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులో దోపాడు. "ఏమున్నది బావా దాంట్ల?" అంటే, "ఉద్యమంల పట్టుకున్నమని ఉన్నది. పల్చటి కాగితం, విప్పకు, చిరుగుతది," అని దండ మెడలో వేశాడు.

నలభై ఏళ్ళు ఆ కాగితం నా ట్రంకుపెట్టెలో మడతల్లోనే ఉంది. నాకు పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, ఆ బిడ్డే నాకు యాభై దాటాక పలక మీద అక్షరాలు దిద్దించింది. బస్సుల బోర్డులన్నీ చదివాను, మందుల డబ్బాలు చదివాను, ఆ కాగితం మాత్రం విప్పలేదు. బావ చిరుగుతుందన్నాడు కదా. మళ్ళీ ఉద్యమం వచ్చి సిరిసిల్లలో టెంటు వేసి, పాత ఉద్యమకారులకు శాలువా కప్పుతాం, కాగితాలుంటే తెమ్మన్నప్పుడు విప్పాను. చిరగలేదు. 'చెరువులో అనుమతి లేకుండా చేపలు పట్టినందున మందలించి వదిలిపెట్టడమైనది. పట్టుబడినవి: చేపలు, ఒక బుట్టెడు. వల ఒకటి, పెద్దది, గంజి పెట్టినది, దానిపై రాతలు ఉన్నవి.' కొత్తగా నేర్చినవాణ్ణి కదా, తప్పు చదివాననుకొని మూడుసార్లు చదివాను. మూడుసార్లూ చేపలే.

టెంటులో బావ ఉన్నాడు. ముసలివాడయ్యాడు, గొంతు పోయింది. నా చేతిలో కాగితం చూశాడు.

"విప్పినవా?"

"విప్పిన. ఒక్క మాట కడుపుల దాగదు నీకు, నలభై ఏండ్లు ఎట్ల ఊకున్నవు బావా?"

"గదొక్కటే ఆగింది," అన్నాడు. "గా జమేదారు వేరే తీరుగ రాస్తే మీ అమ్మ నెలలకు నెలలు ఒక్కతే ఉంటుండె. చేపలు నయం గాదురా?"

నా పేరు పిలిచారు. పోయి మైకు ముందు నిలబడి ఆ కాగితాన్ని కూడబలుక్కుంటూ పూర్తిగా చదివాను. నలుగురి ముందు నేను చదివిన మొదటి చదువు అదే. టెంటంతా నవ్వింది. శాలువా మాత్రం కప్పారు, తెచ్చినవాళ్ళు ఏం చేస్తారు.

ఇదంతా విని మా మనవరాలు, "అయితే తాతా, గంజి పెట్టకపోతే బండ దాకా పోతుంటివా?" అని అడిగింది. పోతుంటి అన్నాను. పోయుంటే అసలైన జైలు, అసలైన దండ. అమ్మ ఒక్కతే గుండిగ ముందు. అది మనవరాలికి చెప్పలేదు. ఆ పిల్ల లోపలికి పోయి కాంటా తెచ్చి నన్ను నిలబెట్టింది. యాభై ఎనిమిది కిలోలు చూపించింది. బస్తా అని పిలిచేవాళ్ళు ఇప్పుడు ఇద్దరు ముగ్గురే మిగిలారు, వాళ్ళు పిలిస్తే పలుకుతాను. చాచా ఉంటే నన్ను కింది నుంచి మీదికి చూసి, మూడో పతంగి అక్కర్లేదు, గోడకు ఆనించిన కాగితం పతంగే చాలు అని ఉండేవాడు.