వేలి వెనక నడిచిన గీత

మొన్న బ్యాంకులో ఒక చిన్న తెర ముందు పెట్టి వేలితో సంతకం చేయమంటే, గీత నా వేలిని అంటుకునే వచ్చింది, నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకున్న కథ ఎప్పుడో రాయవలసింది గానీ, సూరత్‌ వచ్చింది మొదలు అక్కడి ఉధ్నా పేటలో ఇంటి గడప దగ్గర కూర్చుని చీరలకు చమ్కీలు అతికిస్తూనే యాభై దాటినదాన్ని, రాయడానికి నాకు ఈమధ్యదాకా అక్షరాలెక్కడివి?

కరోనా మొదటి ఏడు మరమగ్గాలు ఆగి, చమ్కీలకు వచ్చే చీరల సరుకు కూడా రావడం మానేసినప్పుడు, కంప్యూటర్ పని చేసే మా అమ్మాయి అక్షరాలు దిద్దించే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి, పాత ట్యాబ్‌లో పెట్టి నా చేతికిచ్చింది. నా వేలు ‘అ’ చుట్టూ తిరిగి వచ్చేసినా తెర మీద గీత సగంలోనే ఉండేది. జిగురుకు మొద్దుబారిన వేలిదే లోపమనుకుని, కొంచెం కదిపి, గీత వచ్చి కలిసేదాకా కాచుకుని, మళ్ళీ కదిపేదాన్ని. మగ్గం పని లేక ఇంట్లోనే ఉన్న మా ఆయన, “గిట్ల దిద్దితె నువ్వు ‘ఆ’ కాడికి వచ్చేసరికి కరోనా గూడ పోతదే” అని ఆటపట్టించేవాడు. చివరికి, నాకిక చదువు రాదని ట్యాబ్ తిరిగిచ్చేశాను.

అమ్మాయి నా చేత మరొక్కసారి దిద్దించి, నా వేలు ఆగడం చూసి, తనూ దిద్దింది. తన వేలికీ గీత వెనకే పడింది.

“గల్తీ నీ చేతిది కాదమ్మా, నాది. నా కొత్త కంప్యూటర్ల నడిపి చూసిన గని ఈ పాత దాంట్ల చూడలె.”

వదలకుండా అడిగితే చెప్పింది. తెర ప్రతి చుక్కనూ లోపలి ప్రోగ్రామ్‌కు పంపి, సరేనా అని అడిగి, జవాబొచ్చాకే గీస్తోందట. లోపలున్నది అత్తగారా, అడగందే ఇది కదలదా అన్నాను.

“నేనే అట్ల పెట్టిన. జర ఆగు.”

సాయంత్రానికి మార్చింది. ఇక తెర తన పాటికి తాను గీసేస్తుంది, చుక్కలన్నీ కట్టగా లోపలికి పోతాయి, వేలెత్తాకే తప్పొప్పులు తెలుస్తాయి. ఇప్పటి ఫోన్లయితే ఆగనే ఆగవు, మనం మొదలుపెట్టిన మాటను అవే పూర్తి చేస్తున్నాయి, ఎలాగని ఎవరూ అడగరు. ఆ రోజు గీత అలా ఆలస్యంగా రాకపోయి ఉంటే, తెర వెనక ఏం జరుగుతుందని నేను అడిగేదాన్నా అనిపిస్తుంది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు లేచి, కావాలనే ‘అ’ను తప్పుగా దిద్దాను. వేలెత్తేదాకా అది ఏమీ అనలేదు. అంత చివరిదాకా నన్ను తప్పు చేయనిచ్చినవాళ్ళు అంతకుముందెవరూ లేరు. చెరిపేసి, ఇంకా పెద్ద తప్పు ఒకటి దిద్దాను.