మంచుదిమ్మ అడుగు

బెల్లం కొనేటప్పుడు నేను దిమ్మ పైభాగం చూడను. పైన మెరిసేట్టు ఎవరైనా చేస్తారు. రెండు చేతులా ఎత్తి తిరగేస్తాను. పాకం ఎక్కడ పోసి ఆరబెట్టారో అడుగే చెబుతుంది. ఊకో, గోనెపీచో, మట్టో అంటుకుని ఉంటుంది. చోడవరం చుట్టుపక్కల రైతులు నన్ను అనుమానపు మనిషంటారు. అననీ.

ఇంట్లోనూ అంతే. భూగర్భశాస్త్రం చదివిన మా అమ్మాయి, ధ్రువాల మంచు మీద పరిశోధనకి గోవాలోని సంస్థకి వెళ్తానన్నప్పుడు నాకు ముందు తట్టింది ఎవడో కుర్రాడు. చెరకుతోటల మధ్య పెరిగిన పిల్లకి మంచుతో ఏం పని? తన ఫోన్ మోగినప్పుడల్లా చెవులు రిక్కించాను. అవతల ఆడగొంతు వినిపించినా నమ్మలేదు.

వస్తానో రానో ఆ గోవావాళ్ళకి చెప్పాల్సిన రోజు పొద్దున్నే తను నేను బెల్లం తూచే కాటా దగ్గరికే వచ్చింది. ఫోన్‌లో బొమ్మ చూపించింది. కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచుని అట్టడుగుదాకా తొలిచి తీసిన కడ్డీ అట. పైదంతా తెల్లగా ఉంది. అడుగుముక్క మాత్రం నల్లబెల్లం రంగులో ఉంది.

"ఇదేటి, కల్తీ సరుకా?" అన్నాను.

"కాదు నాన్నా. పెద్ద మంచు రాకముందు అక్కడ నేలుండేది. ఆ మట్టిలోనే గడ్డకట్టిన మంచు ఇది. పైదంతా ఎలా మొదలైందో ఇదే సెప్తాది."

"పైమంచే కరిగి మట్టిలోకి దిగి, మళ్ళీ గడ్డకట్టలేదని ఏటి నమ్మకం?"

"మంచులో గాలిబుడగలుంటాయి. పైమంచులో మామూలు గాలే. అడుగుదాన్లో బురదనేల వదిలే గాలి శానా ఎక్కువ. అది పైనుంచి ఎలా వస్తాది?"

"ఆ బురదగాలి తర్వాత చేరలేదని ఎవరు సూసేరు?"

తను నవ్వలేదు. "నాకూ అదే అనుమానం. అది తేల్చుకోడానికే ఎల్తానంటన్నాను," అంది.

కుర్రాడూ లేడు, ఎవడూ లేడు. ఉన్నదల్లా తనకి అబ్బిన నా బుద్ధే. గర్వంగానూ అనిపించింది, ఒళ్ళూ మండింది. తనని ఆపడానికి నా దగ్గర అనుమానం ఒక్కటే ఉండేది, అదీ పోయింది. మిగిలింది తను లేని ఇంటి దిగులు. ఆ దిగులు చూపించి పిల్లని ఆపడం నాకు చేతకాలేదు.

"ఎల్లు. ఎవరేటి సెప్పినా తిరగేసి సూడు," అన్నాను.

తను కదల్లేదు. నా ముఖం కేసి పరీక్షగా చూసింది.

"నిజంగానే ఎల్లమంటన్నావా నాన్నా? లోపల ఏటుంది?"