మార్గళి చలిలో ఇంజను సద్దు

నా చిన్నప్పుడు తిరుత్తణిలో మా వీధికి తెల్లవారేది మా నాయన కారు చప్పుడుతో. ఆయనకు ఒక పాత కారు ఉండేది. బస్టాండు దగ్గర పెట్టుకుని బాడుగకు తోలేవాడు. కొండమీది గుడికి వచ్చే యాత్రికులు, పళ్ళిపట్టు వైపు పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళు, తిరువళ్ళూరు ఆసుపత్రికి రోగుల్ని తీసుకుపోయేవాళ్ళు ఆ కారెక్కేవారు. దాని మీదే మా ఇల్లు గడిచేది.

ఆ ఏడు చలికాలం మొదలయ్యాక కారుకు కొత్త రోగం పట్టింది. పొద్దున్నే మొదటిసారి స్టార్టు చేసినప్పుడు అడుగునుంచి గడగడమని ఒక మోత వచ్చేది. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు ఉండేది. మనిషి ఒక గుక్క నీళ్ళు తాగేంతసేపు మోగి, దానంతట అది ఆగిపోయేది. ఆ తర్వాత రోజంతా తిరిగినా ఏమీ లేనట్టే ఉండేది. పక్కింటి అక్కకు మూడేళ్ళ కొడుకు ఉండేవాడు. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆ మోతకు వాడికి రోజూ మెలకువ వచ్చేది. లేచీ లేవగానే పెదవులు ఆడిస్తూ గడగడగడ అంటూ వసారాలోకి పరుగెత్తుకొచ్చేవాడు. వాణ్ణి చూసి మేమంతా నవ్వేవాళ్ళం. మా నాయన కూడా నవ్వేవాడు.

నవ్వనిది మా పెదనాయన ఒక్కడే. ఆయన మా నాయనకు సొంత అన్న. అరక్కోణం రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని కార్లు, లారీలు బాగుచేసేవాడు. మోత సంగతి చెవిన పడ్డాక, ఇంజను చల్లగా ఉన్నప్పుడే వినాలని ఒకరోజు తెల్లవారకముందే మా ఇంటికి వచ్చాడు. షెడ్డు దాకా తోలుకొస్తే ఆ లోపలే వేడెక్కి రోగం దాచుకుంటుంది అన్నాడు. దుప్పటి కప్పుకుని నేనూ వాకిట్లో కూర్చున్నాను. ఆయన బానెట్టు ఎత్తి, పొడుగాటి ఇనుపకమ్మీ ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవి పక్కన ఎముకకు పెట్టుకుని, స్టార్టు చెయ్యమని మా నాయనకు సైగ చేశాడు.

మోత వచ్చింది, ఆగింది. పెదనాయన కమ్మీ తియ్యలేదు. ఇంజను బాగా వేడెక్కేదాకా అట్లాగే ఉండి, మా నాయన చేత ఆక్సిలేటరు తొక్కించి వదిలించాడు. వదిలిన ప్రతిసారీ లోపల ఏదో తగిలినట్టు ఒక చిన్న టక్ ఆయనకు అందింది. అప్పుడు ప్లగ్గుల వైర్లు ఒకదాని తర్వాత ఒకటి ఊడదీసి మళ్ళీ తగిలించాడు. మూడో ప్లగ్గు వైరు ఊడదీసినప్పుడు ఆ దెబ్బ మెత్తబడింది. దాన్ని తిరిగి తగిలించి, నన్ను రమ్మని పిలిచి, కమ్మీ నా చెవి దగ్గర పెట్టాడు. పైన సన్నగా టికటికమనేది వేరనీ, అది వాల్వుల దగ్గరి సద్దనీ, దాంతో బండి ఏళ్ళ తరబడి తిరుగుతుందనీ చెప్పాడు. కమ్మీని కిందికి జరిపాడు. లోతుగా, బరువుగా ఇంకొకటి వినిపించింది. గుండెమీద ఎవరో వేలితో కొట్టినట్టు ఉంది.

ఆ తర్వాత కమ్మీ మా నాయనకు ఇచ్చాడు. పెదనాయన పద్ధతే అది. ఏ బండికైనా రోగం ఏమిటో తన నోటితో ముందు చెప్పేవాడు కాదు. బండిగలవాడి చెవితోనే వినిపించేవాడు. మా నాయన విని, కమ్మీ కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"బేరింగు అరిగిపొయ్యింది రా. ఇంజను దించాల," అన్నాడు పెదనాయన.

"వేడెక్కితే సద్దు పోతా ఉండాది కదన్నా?"

"ఆయిలు ఎక్కి సందు నింపుతాది, అందుకు సద్దు పోతాది. సందు యాడికి పోతాది? ఒకనాడు రాడ్డు విరిగి బయటికొస్తాది."

ఇంజను దించితే కారు వారాల తరబడి షెడ్డులో పడి ఉంటుంది. మార్గళి, అంటే ధనుర్మాసం, చివర్లో సంక్రాంతి పండగకు కొండకు జనం విరగబడి వస్తారు. మా నాయన ఆ జనం వల్ల వచ్చే బాడుగను తలుచుకున్నాడు. "పండగ పోనీ అన్నా, నేనే తెచ్చి నీ షెడ్డులో నిలబెడతాను," అన్నాడు. పెదనాయన కమ్మీ తీసుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు. మరుసటి రోజునుంచి మా నాయన ఇంకా ముందే లేచి, బాడుగవాళ్ళు రాకముందే ఇంజను వేడిచేసి పెట్టుకోసాగాడు. ఎక్కేవాళ్ళ చెవిన ఆ మోత పడేది కాదు.

పండగకు ఇంకా కొన్నాళ్ళు ఉండగా పక్కింటి పిల్లవాడికి జ్వరం తగిలింది. రెండు రోజులు కషాయాలతో, మాత్రలతో గడిపారు. మూడోనాటి పొద్దున అక్క వాణ్ణి భుజాన వేసుకుని మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. పిల్లవాడు డొక్కలు ఎగరేస్తున్నాడు. గోళ్ళు నీలంగా ఉన్నాయి. వీధి చివర డాక్టరు చూసి, ఇక్కడ కాదు, తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి వెంటనే తీసుకుపొమ్మన్నాడట. అక్క మొగుడు బియ్యం మిల్లులో రాత్రి పనికి పోయి ఇంకా తిరిగి రాలేదు. మా నాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కారు దగ్గరికి ఉరికాడు. అక్క, ఆమె అత్త వెనక సీట్లో కూర్చున్నారు.

ఆ రోజు ఇంజను వేడిచెయ్యడానికి సమయం లేదు. స్టార్టు చేయగానే వచ్చిన మోత ఎంతకూ ఆగలేదు. స్టీరింగు మీద చెయ్యి వేసి మా నాయన ఒక్క క్షణం అట్లాగే కూర్చున్నాడు. ఆయన ముఖం నాకు కనిపించింది. వెనకనుంచి అక్క, "అన్నా, పోదాం అన్నా, పోదాం," అని ఏడ్చింది. కారు వీధి మలుపు తిరిగింది.

దారిలో జరిగింది తర్వాత పెద్దవాళ్ళ మాటల్లో విన్నాను. మా నాయన ఎన్నడూ లేనంత వేగంగా తోలాడు. కనకమ్మసత్రం దగ్గర పిల్లవాడి పెదవులు ఎండిపోతున్నాయని, ఒక్క చుక్క నీళ్ళు పోస్తానని అక్క బండి ఆపమంది. టీ అంగట్లో నీళ్ళు తీసుకుని మళ్ళీ బయలుదేరారు. కొంచెం దూరం పోయాక లోపల పెద్దగా పేలినట్టయి, కారు వణికి ఆగిపోయింది. రోడ్డుమీద ఆయిలు మడుగు కట్టింది. చెయ్యెత్తితే మొదటి లారీ ఆగలేదు, రెండోదీ ఆగలేదు. చివరికి చెరకు లారీ ఒకటి ఆగి వాళ్ళను ఎక్కించుకుంది. ఆసుపత్రిలో సూదులు వేశారు, ఆక్సిజను పెట్టారు. మధ్యాహ్నానికి పిల్లవాడు పోయాడు. ముందుగా వచ్చుంటే బతికేవాడా అని ఎవరో అడిగితే, డాక్టరు చెప్పలేనన్నాడట.

చిన్న పిల్లవాడు కాబట్టి సాయంత్రమే పూడ్చిపెట్టి వచ్చారు. మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఇంజనుకు ఏమైందని వీధిలోవాళ్ళు అడిగితే మా నాయన తలెత్తకుండా, "రోడ్డుమీద రాయి ఎగిరి కింద తగిలింది," అన్నాడు. ఆ మాట అందరూ నమ్మారు. పాపం, ఎవరు మాత్రం ఏం చేస్తారు, టైము బాగలేదు అన్నారు.

అయితే ఆ మాట అక్కడితో ఆగలేదు. పక్కింటి ముసలమ్మకు మనవడు పోయిన దుఃఖం ఎవరిమీదో ఒకరిమీద పడెయ్యాలి. రాయి తగిలిందంటే, ఆ రాయి దగ్గరికి బండిని ఆ వేళకు తెచ్చింది ఎవరు? "నువ్వే కదా ఆపమన్నావు! ఆపకుండా పోయుంటే ఆ రాయి తగిలేదా? నీ చేతులారా చంపుకున్నావు కదే!" అని కోడల్ని అనడం మొదలుపెట్టింది. పొద్దున అదే, సాయంత్రం అదే. గోడకు ఇవతల మాకు ప్రతి మాటా వినిపించేది. అక్క గొంతు మాత్రం ఒక్కసారి కూడా వినిపించలేదు. వాకిట్లో ఎప్పుడైనా కనిపిస్తే, ముగ్గు కూడా వెయ్యకుండా చీపురు పట్టుకుని అట్లాగే నిలబడి ఉండేది. ఆమె మొగుడు పనికి పోయేవాడు, వచ్చేవాడు, అంతే.

కారును లారీకి కట్టి పెదనాయన షెడ్డుకు లాక్కొచ్చారు. అది వచ్చిన మరునాడు మా అమ్మ నా చేతికి క్యారియరిచ్చి అక్కడికి పంపింది. నేను పోయేసరికి ఇంజను దించి దుంగల మీద పెట్టి ఉంది. మా నాయన ఒక పక్కన బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. నాకు ఆ వయసులో తెలివి ఎంతని, నేరుగా పెదనాయన్నే అడిగాను, రాయి యాడ తగిలింది అని. ఆయన నా చెయ్యి పట్టుకుని ఇంజను దగ్గరికి తీసుకుపోయి, పక్కన పడిన బొక్క చూపించాడు. నా పిడికిలి పట్టేంత బొక్క అది. అంచులన్నీ బయటికి విచ్చుకుని ఉన్నాయి. బయటినుంచి రాయి తగిలితే ఇనుము లోపలికి నొక్కుకుపోవాలి. ఆ సంగతి నాకు కూడా అర్థమైంది.

పెదనాయన ఒక స్పానరు తీసి మా నాయన ముందు పెట్టాడు. "అడుగుతొట్టి నువ్వే ఇప్పు," అన్నాడు.

"నువ్వు ఇప్పరాదా అన్నా?"

"నువ్వే ఇప్పు రా. నీ చేత్తో తియ్యి."

మా నాయన బోల్టులు ఒక్కొక్కటే తీశాడు. తొట్టిలో నల్లటి ఆయిలు అడుగున మెరిసే పొడి ఉంది, విరిగిన రాడ్డు ముక్క ఉంది, రేకులా పలచబడి రెండుగా చీలిన బేరింగు ఉంది. వాటిని ఆయన అరచేతిలోకి తీసుకుని చూస్తూ ఉండగా షెడ్డు వాకిట్లో నీడ పడింది. తలెత్తి చూస్తే పక్కింటి అక్క. కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఒక్కతే నడిచి వచ్చింది. అంత దూరం ఎండలో వచ్చిన మనిషి కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, నాకు ఒక మాట చెప్పండి," అంది పెదనాయనతో. "నేను ఆపమనకుండా ఉండుంటే వండి పొయ్యుండేదా?"

మా వైపు కారునైనా, ఎద్దుబండినైనా తమిళంలో లాగా వండి అనే అంటారు. ఆమె ఆ మాట అన్న తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అందులో కోపం లేదు. తన మీద పడిన నేరం నిజమో కాదో తెలుసుకోవడానికి వచ్చింది, అంతే.

పెదనాయన తమ్ముడి వైపు చూశాడు. చూశాడే కానీ నోరు విప్పలేదు. తానే చెప్పేస్తే ఆ తమ్ముడు ఇక జీవితంలో ఎప్పుడూ చెప్పలేడని ఆయనకు తెలుసు అనుకుంటాను.  చివరికి మా నాయన లేచి నిలబడ్డాడు.

"నువ్వు ఆపినందుకు కాదమ్మా. రాయి లేదు, ఏమీ లేదు. లోపల ముందే అరిగిపొయ్యింది. యాడో ఒకచోట విరిగేదే."

"నీకు తెలుసునా?"

"తెలుసు. మా అన్న ఇనిపించినాడు. నేనే పండగ పోనీ అనుకున్న్యాను."

అక్క ఆయన చేతిలోని ఇనుప ముక్కల్ని చూసింది. "రోజూ పొద్దున వచ్చేదే, ఆ సద్దేనా?" అంది. మా నాయన తల ఊపాడు. "దానికే నా బిడ్డ లేచేవాడు," అంది.   కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే. నేను నీళ్ళు పోసిందానికి కాదు కదా. అది చాలు," అని వెనక్కి తిరిగింది. మా నాయన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. ఆ రోజునుంచి ఆయనతో మాట్లాడనే లేదు.

ఆ సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. మా అమ్మ తలబాదుకుంది. "ఎవురడిగినారు నిన్ను? రాయి అని చెప్పినాక రాయి అనే ఉండరాదా?" అంది. "ఆమె అడిగింది," అన్నాడు మా నాయన. పక్కింటి ముసలమ్మ కోడల్ని అనడం మానేసి, మా గోడవైపు తిరిగి శపించడం మొదలుపెట్టింది. ఆ శాపాలు చాలాకాలం మా వసారాలో పడుతూ వచ్చాయి. మా నాయన వాటిని ఆపమని ఎవరినీ అడగలేదు, లేచి లోపలికీ పోలేదు. ఇంజను బాగుచేసి తెచ్చుకున్నా మా ఊళ్ళో ఆ కారు ఎక్కేవాళ్ళు లేకపోయారు. దాన్ని ఎవరికో అమ్మేసి, ఆయన రైలెక్కి పట్టాభిరామ్ దగ్గర ఒక కార్ఖానాలో కూలిపనికి కుదిరాడు. పక్కింటివాళ్ళు కొన్నాళ్ళకు ఇల్లు ఖాళీచేసి పళ్ళిపట్టు వైపు వెళ్ళిపోయారు. అక్క వెళ్ళేటప్పుడు మా అమ్మకు చెప్పి వెళ్ళింది.

ఏళ్ళు గడిచాక, మా నాయన మంచం పట్టిన రోజుల్లో, ఆయనకు కాళ్ళు పిసుకుతూ ఒకసారి అడిగాను. ఆనాడు షెడ్డులో చెప్పినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా నాయనా అని. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకుని, "చెప్పినందుకు కాదు పాపా. ఆమె వచ్చి అడిగేదాకా ఉండినాను చూడు, అందుకు," అన్నాడు. "అన్ని దినాలు ఆ యమ్మి అత్త చేత మాటలు పడతా ఉంటే గోడ ఇవతల కూర్చోని ఇన్న్యాను."

ఇప్పుడు నాకు మనవలున్నారు. కొడుకుతో, కోడలితో, ఇరుగుపొరుగుతో నాకు మంచి పేరేమీ లేదు, నోరు ఆగని మనిషినంటారు. నాకు తెలిసిన చేదు సంగతి ఎవరికి తెలియాలో వాళ్ళ ఇంటికి నేనే నడిచిపోతాను. వాళ్ళు చెప్పులేసుకుని నా వాకిటికి వచ్చి అడిగేదాకా కూర్చోవడం నావల్ల కాదు.