డెనిస్ వేసిన అతుకు

మౌంట్ ఆల్బర్ట్‌లో మొగిలయ్య గురించి ఎవరినడిగినా నోట్లో నాలుక లేని మనిషి అంటారు. జనగామ దగ్గర పుట్టి, హైదరాబాదులో లారీలకు బాడీలు కట్టి, ఈ పరాయి దేశమొచ్చి ఒక షెడ్డులో డెంటింగ్ పనిలో కుదిరాడు. నలభై ఆరేళ్ళొచ్చినా ఎవరి ముఖం మీదా కాదనలేడు. ఆ గుణాన్ని అతను మర్యాద అనుకునేవాడు. భార్య ప్రభావతి మాత్రం రోగం అనేది.

పక్కింటి డెనిస్ బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరైన ముసలాయన, ఒంటరివాడు. ముక్కలుగా పెట్టెల్లో అమ్మే కిట్ కారొకటి కొని గరాజ్‌లో పడేసుకున్నాడు. పైకప్పు లేని, చక్రాలు బయటికే కనబడే, ఇద్దరు పట్టే బుల్లి కారు. ఆదివారం ఆదివారం ఇద్దరూ కలిసి ఐదేళ్ళు కట్టారు. పేరు పెట్టి పిలవమని డెనిస్ ఎంత పోరినా మొగిలయ్యకు నోరు రాలేదు. అంకుల్ అనే పిలిచాడు.

2014 ఆగస్టులో, ఇక్కడి చలికాలంలో, క్యాన్సర్ ముదిరి డెనిస్‌ను చివరి రోజుల రోగుల్ని చూసుకునే హాస్పిస్‌లో చేర్చారు. వారం, మహా అయితే పది రోజులని నర్సు చెప్పింది. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, ఆ కారెక్కి ఒక్కసారి రోడ్డు మీద వెళ్ళాలి. దానికి నంబరు ప్లేటు కావాలి, ప్లేటు రావాలంటే తనిఖీ గట్టెక్కాలి. ప్లేటు లేకుండానే వీధి చుట్టూ తిప్పి తీసుకొద్దామని ప్రభావతి అంటే ఆయన ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళు బస్సులు రోడ్డెక్కడానికి పనికొస్తాయని సంతకం పెట్టిన చెయ్యి ఆయనది.

మొగిలయ్య ఆ సోమవారమే కారును తనిఖీకి తీసుకెళ్ళాడు. ముందు చక్రాలను పట్టి ఉంచే సస్పెన్షన్ కడ్డీలు బయటికే ఉన్నాయనీ, బోల్టుల మొనలు మనిషికి తగిలితే చీరేస్తాయనీ ఇన్‌స్పెక్టరు చెప్పాడు. వాటికి నున్నటి తొడుగులు వేసి శుక్రవారం తీసుకురమ్మన్నాడు. మిగతాదంతా అప్పుడే చూస్తానన్నాడు.

రేకు పని మొగిలయ్యకు వెన్నతో పెట్టిన విద్య. అల్యూమినియం రేకును ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో సాగగొట్టి తొడుగులు చేశాడు. కుడివైపు తొడుగు మాత్రం జానెడు పొడుగు ఎక్కువ చేశాడు. దాని కింద ఒక అతుకు ఉంది.

పోయిన చలికాలంలో, ఒక్కచోటైనా నా చేత్తో వెల్డింగ్ చేస్తానని డెనిస్ పట్టుబట్టాడు. కుడి సస్పెన్షన్ కడ్డీ చట్రానికి పట్టే చోటది. మందుల వల్ల అప్పటికే ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. అతుకు పైపైన అంటుకుంది, లోపలికి దిగలేదు. మొగిలయ్య చూడగానే కనిపెట్టాడు. ఎలా ఉందని ఆయన ఆశగా అడిగితే, "చాలా బాగుంది అంకుల్" అన్నాడు. పెద్దాయన చేసిన పనిని ఆయన కళ్ళముందే ఎలా కోస్తాం? చాటుగా మారుద్దామంటే డెనిస్ గరాజ్ వదిలితేనా! ఎండాకాలానికి కారు సిద్ధమైంది. తనిఖీకి తీసుకెళ్దామని డెనిస్ అన్నప్పుడల్లా, పెయింటు బాగోలేదనో వైరింగ్ తేడాగా ఉందనో మొగిలయ్య ఏదో వంక చెప్పి దాటేశాడు. మొహమాటం మీద మనవాళ్ళకో సామెత ఉంది, నలుగురిలో అనేది కాదు గాని అక్షరాలా నిజం.

గురువారం మధ్యాహ్నం గరాజ్‌లో ప్రభావతికి ఈ సంగతంతా చెప్పాడు.

"కోసి మల్ల ఎయ్యరాదా?" అంది ఆమె.

"ఇంజిన్ దించాలె. కొత్త అతుకుకు పరీక్ష చేపిచ్చి కాయితం తేవాలె. పదిహేను రోజులైతది."

"గన్ని రోజులు ఆయన ఉంటడా?"

"ఉండడు. గందుకే కప్పుతున్న. మెల్లగ ఆ మూల దాంక తీస్కపోయి తీస్కొస్త. ఎంటనే కోసి కొత్తది ఎస్త."

"సక్రం ఊడితే ఏం జేస్తవ్?"

మొగిలయ్య కుడి తొడుగును మళ్ళీ ఊడదీయరాకుండా రివెట్లు కొట్టి బిగించాడు. చేస్తున్నది తప్పని అతనికి తెలుసు. ఇంకో దారి కనబడక తెలిసే చేశాడు.

శుక్రవారం పొద్దున ఇన్‌స్పెక్టరు తొడుగుల మీద అరచెయ్యి పెట్టి రాశాడు. ఎక్కడా గుచ్చుకోలేదు. ఇంత మంచి రేకు పని ఈమధ్య చూడలేదన్నాడు. మొగిలయ్యకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఇన్‌స్పెక్టరు కుడివైపు వంగాడు.

"ఎడమదానికి స్క్రూలు పెట్టావు. దీనికి రివెట్లెందుకు?"

మొగిలయ్య కుడి తొడుగుకు అడ్డంగా జరిగాడు.

"నేను కప్పమన్నది బోల్టుల్ని. ఇది తీసెయ్."

తియ్యక తప్పలేదు. ఇన్‌స్పెక్టరు టార్చి వేసి చూశాడు. అతుకు అంచున వెంట్రుకంత చీలిక ఉంది.

"సార్, ఈ ఒక్క రోజుకి పాస్ చెయ్యండి. దీన్ని కట్టిన పెద్దాయన చావు బతుకుల్లో ఉన్నారు," అని మొగిలయ్య చేతులు జోడించాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు. టార్చి ఆర్పాడు. "చక్రం ఊడితే ఆయనతో పాటు నువ్వూ పోతావు, దారిన పోయేవాళ్ళూ పోతారు. సరిచేసి, రెండు వారాలయ్యాక రా," అన్నాడు.

మొగిలయ్య నేరుగా హాస్పిస్‌కు వెళ్ళాడు. డెనిస్ దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. కారులో చలేస్తుందని నర్సు చేత గుండీల స్వెట్టరు వేయించుకున్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది.

"అయిందా?" అన్నాడు.

ఇంకో వంక మొగిలయ్య నోటిదాకా వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"కాలేదు అంకుల్. మీరు వేసిన అతుకు చీలింది. అది సరిగ్గా పడలేదని ఆ రోజే చూశాను. మీరు బాధపడతారని చెప్పలేదు."

డెనిస్ ఊపిరి కూడదీసుకున్నాడు.

"పనివాణ్ణి నేను. పది సార్లు కోయించినా బాధపడేవాణ్ణి కాదు." ఆక్సిజన్ గొట్టం సర్దుకున్నాడు. "అప్పుడే చెప్పుంటే, పోయిన ఎండాకాలం నేనే నడిపేవాణ్ణి. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని."

ఆ మాట కోపంగా అననందుకే మొగిలయ్య తట్టుకోలేకపోయాడు. తిట్టినా బాగుండేది. కుర్చీలో తల వంచుకుని కూర్చుండిపోయాడు.

కాసేపటికి డెనిస్ స్వెట్టరు గుండీ తీసుకోబోయాడు. వణికే వేళ్ళకు అది చిక్కలేదు. మొగిలయ్య లేచి, ఒక్కొక్క గుండీ తానే విప్పాడు.