గంగబాబు పిల్లనగ్రోవి పట్టిన ఏడాది

అంతర్వేది దగ్గర గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక ఉదయం గంగబాబు పడవ తిరగబడింది. అందులో ఇద్దరే ఉన్నారు, గంగబాబూ అతని పక్కింటి అబ్బులూ. చిన్నప్పటినుంచీ ఇద్దరూ కలిసే వల లాగారు. ఆరోజు వేటనుంచి తిరిగొస్తున్నారు, ఒడ్డు కనిపిస్తూనే ఉంది. పెద్ద కెరటం వెనకనుంచి వచ్చి పడవను ఎత్తి బోర్లా వేసింది. గంగబాబు కాలికి వల చుట్టుకుంది. పడవ కింద, ఏది పైనో ఏది కిందో తెలియని చీకట్లో, ఉన్న కాస్త ఊపిరినీ బిగబట్టి కాలు విడిపించుకున్నాడు. ఇక పట్టలేక నోరు తెరిచిన క్షణంలోనే తల బయటపడింది. అబ్బులు బయటపడలేదు. మర్నాడు ఇసుక మేటల దగ్గర అతని శవం దొరికింది.

ఆ తరవాత గంగబాబు సముద్రం మీదికి వెళ్ళలేదు. అదొక్కటే అయితే ఎవరైనా అర్థం చేసుకునేవారు. అతనికి ఊపిరంటేనే భయం పట్టుకుంది. చెంబుతో నీళ్ళు తలమీద పోసుకుంటే రొప్పుతూ బయటికి వచ్చేసేవాడు. బనియను తలమీదుగా తీస్తున్నప్పుడు గుడ్డ మొహానికి అడ్డం వస్తే, ఆ రెప్పపాటులో కేక పెట్టేవాడు. పడుకుంటే ఊపిరి ఆగిపోతుందేమోనని గోడకు ఆనుకుని కూర్చునే కునికేవాడు. చివరికి భార్య రత్నం అతన్ని రాజోలు తీసుకెళ్ళి ఛాతీకి ఎక్స్‌రే తీయించింది.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయయ్యా. ఉన్నది భయమే," అన్నారు డాక్టరు గారు. "రోజూ బుడగలు ఊదు. మెల్లగా అలవాటవుతుంది."

బుడగ ఊదితే లోపలి గాలి తిరిగి నోట్లోకే తన్నుకొచ్చేది. దానికే అతనికి ఒళ్ళంతా చెమటలు పట్టేవి. బుడగలు మానేశాడు.

ఊరికి ఆనుకుని ఉన్న రొయ్యల చెరువుల దగ్గర పగటి కాపలా పని దొరికింది. మేత చల్లాలి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. కరెంటు పోతే జనరేటరు వెయ్యాలి. మోకాలిలోతు నీళ్ళలోకైనా దిగక్కర్లేదు. అందుకే ఒప్పుకున్నాడు.

మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి రత్నం అతన్ని బలవంతంగా లాక్కెళ్ళింది. అక్కడ కర్రకు గుచ్చిన పిల్లనగ్రోవులు భుజాన వేసుకుని ఒక ముసలాయన ఊదుకుంటూ తిరుగుతున్నాడు. అందరూ పాట వింటున్నారు. గంగబాబు మాత్రం ఆయన ఛాతీ చూస్తున్నాడు. ముసలాయన ఉన్న ఊపిరంతా వదిలేస్తున్నాడు, మధ్యలో ఎక్కడో ఎవరికీ తెలియకుండా మళ్ళీ తీసుకుంటున్నాడు. మొహంలో కంగారన్నది లేదు.

"ఊపిరంతా అయిపోతుంటే భయమెయ్యదాండి?" అని అడిగేశాడు.

ముసలాయన నవ్వలేదు. "మొదట్లో ఏసేదండి. తల తిరిగి పడిపోయిన రోజులు కూడా ఉన్నాయి."

"మరిప్పుడో?"

"ఇప్పుడు ధ్యాసంతా పాట మీదుంటది కదండి."

గంగబాబు ఒకటి కొనుక్కున్నాడు. ఇంటికి వచ్చాక రత్నం గొంతు తగ్గించి చెప్పింది.

"నేర్చుకోండి, నాకు సంతోషమే. కానీ ఇంటి దగ్గర వద్దండి. గోడవతల బుచ్చమ్మ పిన్ని ఉంది. కొడుకు పోయి ఏడాదన్నా కాలేదు. మీరిక్కడ పిల్లనగ్రోవి ఊదుకుంటుంటే ఆవిడేమనుకుంటది?"

బుచ్చమ్మ అబ్బులు తల్లి. రత్నం మాటతో గంగబాబుకు రెండో భయం పట్టుకుంది. ప్రమాదం జరిగాక ఆవిడ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఎదురుపడితే నిలబడి ఒక్క క్షణం అతనివంక చూసి వెళ్ళిపోయేది. ఆ చూపు తప్పించుకోవడానికి అతను చుట్టు తిరిగి చెరువుకు వెళ్ళడం మొదలుపెట్టాడు.

చెరువు గట్టున షెడ్డు వెనక కూర్చుని ఊదేవాడు. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ చేసే మోతలో పక్కనున్న మనిషి మాటే వినపడదు, పిల్లనగ్రోవి ఎవరికి వినపడుతుంది? అసలు మొదట్లో గాలి తప్ప ఏమీ రాలేదు. ఉన్న బలమంతా పెట్టి ఊదాడు. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. చెవుల్లో హోరు మొదలైంది. కళ్ళముందు నల్లగా కమ్ముకొచ్చింది. పడవ కింద చూసిన నలుపే అది. పిల్లనగ్రోవి విసిరేసి, గట్టు మీది గడ్డిని రెండు చేతులా పట్టుకుని బోర్లా పడిపోయాడు. మళ్ళీ చాలా రోజులు దాని జోలికి పోలేదు.

ఇంటర్ చదువుతున్న కూతురు సత్యదుర్గ ఫోనులో పాఠం వెతికి పెట్టింది. "నాన్నా, గట్టిగా ఊదితే ఎవరికైనా తల తిరుగుద్దంట. పెదవి మీది మెతుకు తుపుక్కున ఉమ్మినట్టు, సన్నగా ఊదమంటున్నారు చూడండి."

అలాగే చేశాడు. ఒక మధ్యాహ్నం సన్నటి కూత వచ్చింది. ఎవరో పిలిచారనుకుని వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. మళ్ళీ ఊదాడు, మళ్ళీ వచ్చింది. కానీ ఊపిరి అయిపోవస్తుంటే కూత వణికి, పలచబడి, ఆగిపోబోయింది. ఇదివరకు లోపల గాలి ఎంత మిగిలిందో తెలిసేది కాదు. ఇప్పుడది చెవులకు వినిపిస్తోంది. ఆ చివరికి రాగానే చెయ్యి దానంతటదే పిల్లనగ్రోవిని నోటినుంచి లాగేసేది. నోరు తెరిచి ఎగపీల్చేవాడు. గుండె నెమ్మదించాక మళ్ళీ మొదలుపెట్టేవాడు. పై మూడు కన్నాలు మూస్తే స. వేళ్ళు ఒక్కొక్కటే తీస్తూ గ దాకా వచ్చాడు గాని, ఒక్కసారైనా ఊపిరి చివరిదాకా వదల్లేకపోయాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు కరెంటు పోయింది. ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో అతని కూత ఒక్కటే చెరువు మీదుగా సాగిపోయింది. ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురు గట్టు మీద, ఎండు కొబ్బరిమట్టల మోపు కింద పెట్టి, బుచ్చమ్మ నిలబడి ఉంది.

పిల్లనగ్రోవి లుంగీలో దోపుకోబోయాడు, ఇక దాచడానికేముంది? జనరేటరు వెయ్యకపోతే రొయ్యలకు గాలి అందదు. ఆ వంకతో షెడ్డులోకి పరుగెత్తాడు. జనరేటరు ఎంతకీ స్టార్టవలేదు. అది స్టార్టయి, ఏరేటర్లు మళ్ళీ తిరగడం మొదలెట్టాక బయటికి వచ్చాడు. షెడ్డు వెనక, అతను రోజూ కూర్చునేచోట బుచ్చమ్మ కూర్చుని ఉంది.

"పిన్నీ, నేను సరదాకి ఊదట్లేదు. డాక్టరు గారు..."

"తెలుసురా. నీ భయం సంగతి రత్నం చెప్పింది." మోతలో వినపడాలని ఆవిడ దగ్గరగా వంగింది. "మట్టల కోసం రోజూ ఇటే వస్తన్నాను. గాలి అటు తిరిగినప్పుడు, ఈ మోతలోనూ కూత సన్నగా వినపడతది. నువ్వు ఊదతా ఊదతా టక్కున ఆపేస్తావు చూడు, అక్కడ నా గుండె జారిపోద్ది. పడిపోయేడేమో, ఇంక లేవడేమో అనుకుంటాను. మళ్ళీ ఊదేదాకా అక్కణ్ణించి కదల్లేను."

ఇన్నాళ్ళూ ఆవిడ చూపులో కోపం ఉందనుకున్నాడు. ఎదురుపడ్డ ప్రతిసారీ ఆవిడ చూసింది, అతను ఊపిరి పీలుస్తున్నాడా లేదా అని.

"వాడు చాలాసేపు కొట్టుకున్నాడంటావా?" అని అడిగింది.

ఇంతకాలం అతను భయపడ్డ ప్రశ్న అదే. "తెలీదు పిన్నీ. ఆ చీకట్లో నాకు వాడు కనపళ్ళేదు," అన్నాడు. అది నిజమే.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఊదు. నేనిక్కడే ఉంటాను."

ఊదాడు. స వచ్చింది, పలచబడింది. చెయ్యి లాగబోయింది. బుచ్చమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా కాదు, ఊరికే. కూత పూర్తిగా ఆరిపోయింది. లోపలేమీ మిగల్లేదు. ఒళ్ళంతా వణికింది. ఆ వణుకులోనే, అతను ఏ ప్రయత్నమూ చెయ్యకుండానే, గాలి మెల్లగా లోపలికి వచ్చింది.

భయం దాంతో తీరిపోలేదు. కొన్నాళ్ళు బాగుండేది, కొన్నాళ్ళు పిల్లనగ్రోవి ముట్టుకునేవాడే కాదు. కార్తీకంలో తుఫాను హెచ్చరిక వచ్చి, తీరం పక్క వాళ్ళందరినీ పొద్దున్నే తుఫాను షెల్టరుకు తరలించారు. మధ్యాహ్నానికి గాలి ముదిరింది. కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. సముద్రం గోడ పక్కనే ఉన్నట్టు హోరు. గంగబాబు మూలన మోకాళ్ళు కావిలించుకుని కూర్చున్నాడు. ఊపిరి పైపైనే ఆడుతోంది. రత్నం సంచిలోంచి పిల్లనగ్రోవి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇంతమందిలోనా?"

"ఎవరు చూస్తారండి? ఎవరి భయం వాళ్ళది."

మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి కీచుమంది. ఎవరో విసుక్కున్నారు. మూడోసారి స నిలబడింది. అక్కణ్ణించి గ దాకా వెళ్ళి, మళ్ళీ కిందికి దిగాడు. పాట అనదగ్గది కాదది. ఏడుస్తున్న ఒక పిల్ల ఏడుపు ఆపి అతనికేసి చూసి, మళ్ళీ ఏడుపు మొదలెట్టింది. అతను ఊదుతూనే ఉన్నాడు. తుఫాను ఇంకెక్కడో తీరం దాటిందని కబురు వచ్చేదాకా అలాగే, ఆగుతూ, పీల్చుకుంటూ, ఊదాడు.

ఇప్పుడు గంగబాబుకు ఒక భజన పాట మొదటి చరణం దాకా వచ్చు. రెండో చరణంలో స్వరం పైకి వెళ్ళేచోట ఇప్పటికీ కీచుమంటుంది, సత్యదుర్గ నవ్వుతుంది. వేటకు మాత్రం వెళ్ళడు. నర్సాపురంలో పని పడితే పంటు పడవ ఎక్కి గోదావరి దాటుతాడు. అవతలి రేవులో దిగేదాకా ఇనప కడ్డీ వదలడు.